పునాది విద్య – నాయకత్వ ధర్మము

(మన దేవాలయ జీర్ణోద్ధరణ, మహాకుంభాభిషేక మహోత్సవముల సందర్భమున జరిగిన ధర్మసభలో ప్రధానార్చకులు చేసిన ప్రసంగ పాఠము)





నేడు నేను క్షేత్ర మాహాత్మ్యమునో, ఆగమ విషయమునో ప్రస్తావింతునని మీరు అనుకొని యుందురు. వానిని చెప్పుటకు నాకంటె పెద్దలు ఇచట ఉన్నారు. నేను మాట్లాడదలచినది నేలను గురించి, ఆ నేలను పరీక్షించి పునాదులను నిర్ణయించు వారి విద్యను గురించి. ఆ విద్యకు ఇంజినీరింగు కళాశాలలలో జియోటెక్నికల్ ఇంజినీరింగు అని పేరు. మనము వాడుకలో మట్టిపరీక్ష వారు అందుము.

ఈ విషయమును ఎన్నుకొనుటకు రెండు కారణములు ఉన్నవి. గోపురముపై కలశములు అందరికి కనబడును. రంగులు కనబడును. దాతల పేర్లు శిలాఫలకముపై కనబడును. నేల క్రింద జరిగిన పని మాత్రము ఎవరికిని కనబడదు. అది కనబడకుండుటయే ఆ పని సక్రమముగా జరిగినదనుటకు గుర్తు. ఈ సభలో వారి ఊసు ఎత్తకపోయినచో మరెక్కడను ఎత్తుట జరుగదు.

రెండవ కారణము మన పిల్లలు. ఇంటర్మీడియట్ ముగియగానే తల్లిదండ్రులు జాతకములు తీసుకొని నా వద్దకు వచ్చి, “అయ్యవారూ, మావాడికి ఏ చదువు కలిసి వచ్చును?” అని అడుగుదురు. సివిల్ ఇంజినీరింగు అనగానే మొగము ముడుచుకొందురు. అందులోను మట్టిని పరీక్షించు విభాగమనినచో, ఇంత చదువు చదివి మట్టి పిసుకవలెనా అని నిట్టూర్చుదురు. ఆ మట్టి పిసుకుటలో ఎంత శాస్త్రము, ఎంత ధర్మము ఉన్నవో ఈ ఆలయ పనులలో వారి ప్రక్కన నిలిచి దగ్గర నుండి చూచినాను. అదియే నేడు మీకు మనవి చేయుచున్నాను.

భూపరీక్ష మనకు క్రొత్త కాదు

మన శిల్పశాస్త్రములు నిర్మాణమును గోడలతో మొదలుపెట్టవు. భూమితో మొదలుపెట్టును. వరాహమిహిరుని బృహత్సంహితలోను, మయమతము వంటి గ్రంథములలోను భూపరీక్ష విధింపబడినది. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు, మూరెడు లోతు గల గుంటను త్రవ్వి, త్రవ్విన మట్టితోనే దానిని మరల పూడ్చవలెను. మట్టి మిగిలినచో ఉత్తమ భూమి, సరిపోయినచో మధ్యమము, చాలకపోయినచో అధమము. అట్లే గుంటను నీటితో నింపి, నూరు అడుగులు నడిచి తిరిగి వచ్చి చూడవలెను. నీరు తగ్గకున్నచో ఆ భూమి ప్రశస్తము. మట్టి రంగు, వాసన, రుచి చూడవలెను. ఎముకలు, బొగ్గులు మొదలగు శల్యములున్నచో తీసివేయవలెను. ఆలయ పునాదిని నీరు పడువరకో, రాయి తగులువరకో త్రవ్వవలెనని సంప్రదాయము.

మన ఆలయ పనికి పెద్దగా వచ్చిన ఇంజినీరు గారితో ఈ విషయములు చెప్పినప్పుడు ఆయన ఎంతో సంతోషించినారు. “బిగువుగా ఉన్న నేలను త్రవ్వినచో మట్టి పొంగి మిగులును. గుల్లగా ఉన్న నేల మట్టి మరల పోసి అణచినచో తగ్గిపోవును. నేల ఎంత దట్టముగా ఉన్నదో మీ గుంట చెప్పుచున్నది. నీరు ఎంత వేగముగా ఇంకునో మీ నూరు అడుగుల నడక చెప్పుచున్నది. మేమును ఆ రెండు ప్రశ్నలనే అడుగుదుము, అయ్యవారూ. అడుగు పద్ధతి మారినది, అంతే” అని వారు అన్నారు.

ఆ పద్ధతిని నేను కన్నులార చూచినాను. ముక్కాలి చట్రమును నిలిపి, నేలలో బోరు వేసి, మట్టిని తీయు గొట్టమును అందులోనికి దింపుదురు. 63.5 కిలోల బరువు గల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుండి దానిపై మరల మరల జారవిడుతురు. గొట్టము మొదటి 15 సెంటీమీటర్లు దిగుటకు పడిన దెబ్బలను లెక్కలోనికి తీసుకొనరు. బోరు వేయుటలో అచ్చటి మట్టి కదలి యుండును. తరువాతి 30 సెంటీమీటర్లు దిగుటకు ఎన్ని దెబ్బలు పడినవో, ఆ సంఖ్యయే ప్రమాణము. దెబ్బలు తక్కువైనచో నేల మెత్తన, ఎక్కువైనచో గట్టి. గొట్టములో వచ్చిన మట్టిని ప్రయోగశాలకు పంపి, అందులో నీరెంత, బంకయెంత, ఎంత బరువుకు ఎంత క్రుంగును అను విషయములను తేల్చుదురు.

ఇచట ఒక విషయమును గమనించవలెను. ఆ దెబ్బలను లెక్కపెట్టి పుస్తకములో వ్రాయువాడు ఆ బృందములో అందరికంటె చిన్నవాడు, తక్కువ జీతము తీసుకొనువాడు. వాడు ఎండకు తాళలేక చెట్టు నీడన కూర్చుండి, పన్నెండు బదులు ఇరువది అని వ్రాసినచో ఎవరికిని తెలియదు. ఆ ఇరువదిని నమ్మి పై ఇంజినీరు పునాది లెక్క కట్టును. ఆ లెక్కను నమ్మి స్థపతి రాయి పేర్చును. ఆ రాతిని నమ్మి వేలమంది భక్తులు దాని క్రింద నిలుచుదురు. అందరి భారమును మోయుచున్నది ఆ చిన్నవాని సత్యవాక్కే. కనుక ఈ విద్యలో నాయకుని మొదటి ధర్మము, తన క్రిందివాడు నిజము వ్రాయుటకు తగిన పరిస్థితిని కల్పించుట. వానికి నీడ, నీరు, సకాలమున జీతము ఉండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, పెద్దలకు నచ్చని సంఖ్య వ్రాసినందుకు వానిపై కోపము రాకూడదు.

మన నేలలు, మన పూర్వులు

మన తెలుగు నేల అంతయు ఒకే తీరుగా లేదు. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాదు ప్రాంతముల నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు కుంచించుకొని నెరియలు విడుచును. దానిపై లోతులేని పునాది వేసిన ఇంటి గోడ ఏటేట పగులును. అట్టి నేలల కొరకు అడుగున గంటవలె విప్పారు కాంక్రీటు స్తంభములను లోతుగా దింపు పద్ధతిని రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసినది. గోదావరి, కృష్ణా డెల్టాలలో మెత్తని బంకమన్ను ఉండును. తెలంగాణమున గ్రానైటు రాయి ఒకచోట పైకే కనబడును, ప్రక్కనే లోతున పాతుకొని యుండును. ఒక ఊరి పునాదిని చూచి మరొక ఊరిలో పునాది వేయరాదు.

పాలంపేట రామప్ప దేవాలయమును మీలో చాలమంది దర్శించి యుందురు. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దానిని కట్టించినాడు. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తించినది. చూచినవారందరు మదనికల సౌందర్యమును, నీటిపై తేలు ఇటుకలను పొగడుదురు. ఆ ఆలయమును ఇసుకతో నింపిన పునాదిపై నిలిపినారు. భూమి కదలినప్పుడు ఆ కదలికను కొంత ఇసుక తనలో ఇముడ్చుకొనును. తేలికయైన ఇటుకలతో కట్టిన విమానము పునాదిపై భారమును తగ్గించును. మండపపు నేల అక్కడక్కడ క్రుంగినను ఆలయము నేటికిని నిలిచియున్నది. ఆ ఆలయము పేరు శిల్పిదని చెప్పుకొందురు. ఇసుక పోసినవారి పేరు ఎవరికి తెలియును?

గురుశిష్య పరంపర

ఆధునిక కాలమున ఈ విద్యకు ఆద్యునిగా కార్ల్ టెర్జాగీ అను మహానుభావుని పేర్కొందురు. ఆయన 1883లో ప్రాగ్ నగరమున జన్మించినారు. చదివినది యంత్రముల ఇంజినీరింగు. కట్టడముల పనిలో దిగిన తరువాత, నేల ఏల క్రుంగుచున్నదో చెప్పు శాస్త్రమే లేదని గ్రహించినారు. ఇస్తాంబులులో బోధించుచు, తానే సమకూర్చుకొన్న చిన్న పరికరములతో మట్టిపై ఏండ్ల తరబడి పరీక్షలు చేసినారు. 1925లో వారి గ్రంథము వెలువడినది. బంకమన్నుపై భారము పెట్టినప్పుడు అందులోని నీరు మెల్లమెల్లగా బయటికి పోవుటవలన నేల కాలక్రమమున క్రుంగునని వారు నిరూపించినారు. కట్టిన నాడు నిటారుగా ఉన్న మండపము నూరేండ్లకు ఎందుకు ఒరుగునో ఆ సూత్రము చెప్పును.

వారి ముఖ్య శిష్యులలో రాల్ఫ్ పెక్ ఒకరు. ఆయన చదివినది వంతెనలు, కట్టడముల విద్య. మట్టి శాస్త్రము నేర్చుకొనుటకు 1938లో హార్వర్డు చేరినారు. మరుసటి యేడు చికాగోలో భూగర్భ రైలు మార్గము పని జరుగుచున్నప్పుడు, సలహాదారుగా ఉన్న గురువుగారికి ప్రతినిధిగా పెక్ అచట నిలిచినారు. సొరంగములలో తిరిగి, మట్టిని పరీక్షించి, కొలతలు తీసి, చూచినది చూచినట్లు గురువుగారికి వ్రాసి పంపెడివారు. గురువు ప్రశ్నలు వేయును, శిష్యుడు మరల నేల వద్దకు పోయి చూచును. 1948లో ఇరువురును కలసి వ్రాసిన గ్రంథము లోకమంతట పాఠ్యగ్రంథమైనది. మన గురుకులములలో సంత చెప్పుకొను పద్ధతికిని దీనికిని నాకు భేదము కనబడలేదు. గురుముఖమున విన్నదానిని వల్లెవేయవలెను. పదము, క్రమము, జట, ఘనము అని అనేక విధముల తిరుగవేసి చెప్పినప్పుడే తప్పు దొరలకుండును. వారును ఒకే నేలను బోరుతో ఒకసారి, ప్రయోగశాలలో ఒకసారి, కట్టడము లేచుచున్నప్పుడు కొలతలతో మరొకసారి చదువుదురు.

పెక్ 1969లో చేసిన ప్రసిద్ధ ఉపన్యాసములో పరిశీలనా పద్ధతిని వివరించినారు. నేలను పూర్తిగా తెలుసుకొనుట ఎవరి తరము కాదు. కనుక సాధారణముగా ఏమి జరుగునో ఊహించవలెను, మిక్కిలి ప్రతికూలముగా ఏమి జరుగవచ్చునో కూడ ఊహించవలెను. అట్లు జరిగినచో ఏమి చేయవలెనో పని మొదలుకాక ముందే నిర్ణయించి పెట్టుకొనవలెను. పని జరుగుచుండగా కొలతలు తీయుచు, అవసరమైనచో మార్చుకొనవలెను. ఇది వినగానే నాకు శ్రౌత ప్రయోగములోని ప్రాయశ్చిత్త భాగము జ్ఞప్తికి వచ్చినది. పాత్ర ఒలికినచో ఏమి చేయవలెను, అగ్ని చల్లారినచో ఏమి చేయవలెను అను విషయములను మన ఋషులు యాగము మొదలుకాక ముందే విధించి పెట్టినారు. లోపము జరుగదని వారు అనుకొనలేదు.

బ్రహ్మస్థానము

సోమయాగములో పదునారుగురు ఋత్విక్కులు ఉందురు. హోత ఋక్కులు చెప్పును, అధ్వర్యుడు కర్మ నడుపును, ఉద్గాత సామగానము చేయును. నాలుగవ ప్రధాన ఋత్విక్కు బ్రహ్మ. ఆయన దక్షిణ దిక్కున కూర్చుండి చాలవరకు మౌనముగానే ఉండును. అందరి పనిని మనస్సుతో అనుసరించుచు, లోపము కలిగినచోట సరిదిద్దును. ఆయనకు మూడు వేదములును తెలిసియుండవలెను. ఎక్కువగా మాట్లాడడు. అయినను ఆయన లేనిదే యాగము లేదు.

జియోటెక్నికల్ బృందమునకు నాయకుడు కాగోరువాడు ఈ బ్రహ్మస్థానమును జ్ఞాపకము ఉంచుకొనవలెనని నా మనవి. బోరు వేయువాడు, నమూనా భద్రపరచువాడు, ప్రయోగశాలలో పరీక్షించువాడు, లెక్క కట్టువాడు, గుత్తేదారు, భూగర్భ శాస్త్రజ్ఞుడు, వీరందరి పనియు ఆయనకు తెలిసియుండవలెను. వారి పని తాను లాగుకొనరాదు. చూచుచుండవలెను, వినుచుండవలెను, సమయము వచ్చినప్పుడు ఆపవలెను.

దీనికి మన తెలుగువారికి గర్వకారణమైన దృష్టాంతము ఉన్నది. జమ్మూ కాశ్మీరములో చీనాబు నదిపై కట్టిన రైలు వంతెనను 2025 జూన్ 6న ప్రధానమంత్రి జాతికి అంకితము చేసినారు. అది నది అడుగు నుండి 359 మీటర్ల ఎత్తున ఉన్నది. పొడవు 1,315 మీటర్లు. దాని ఉక్కు కమాను రెండు కొండల వాలులపై ఆనుకొని నిలిచినది. ఆ వాలులు నిలుచునా అనునదే అన్నిటికంటె పెద్ద ప్రశ్న. ఆ విషయమున 17 సంవత్సరములు సలహాదారుగా పనిచేసిన ఆచార్య గాలి మాధవీలత గారు ప్రకాశం జిల్లా ఏడుగుండ్లపాడు గ్రామమున పుట్టినవారు. జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయములో బి.టెక్., నేడు ఎన్.ఐ.టి.గా పిలువబడు వరంగల్లు కళాశాలలో ఎం.టెక్., మద్రాసు ఐ.ఐ.టి.లో పిహెచ్.డి. పూర్తిచేసి, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యులైనారు.

కొండను త్రవ్వుచున్న కొలది, ముందు సర్వేలో తెలియని పగుళ్ళు, గుల్లలు బయటపడినవి. బయటపడిన రాతిని బట్టి ఎప్పటికప్పుడు లెక్కలు మార్చి, వాలులను ఉక్కు కడ్డీలతో బిగించు ఏర్పాట్లను సవరించుచు పని నడిపినారు. ముందు గీసిన పటమునకు కొండ ఒదుగదు, కొండను బట్టి పటమే మారవలెను. వంతెన ప్రారంభమైన తరువాత పత్రికలన్నియు ఆమెను కొనియాడినప్పుడు, తనకు అనవసరమైన కీర్తి వద్దని, వేలమంది శ్రమలో తానును ఒకతెనని ఆమె బహిరంగముగా ప్రకటించినారు. పదిహేడేండ్ల పని తరువాత ఆ మాట అనుటకు ఎంత సంస్కారము ఉండవలెను!

మన ఆలయ నేలలో జరిగినది

ఇక మన విషయము. ముఖమండపము ఆగ్నేయ మూల క్రుంగి, దూలపు రాతికి, స్తంభమునకు నడుమ సందు ఏర్పడిన సంగతి మీరెరుగుదురు. నేలను చూడకుండగనే తక్కువ ధరకు మట్టి నివేదిక తయారుచేసి ఇత్తుమని ముందుకు వచ్చినవారు కూడ ఉన్నారు. వారెవరో ఇచట అప్రస్తుతము. దేవస్థాన కమిటీ వారు ఆ మార్గమును పట్టక, అనుభవజ్ఞులైన బృందమునకు పని అప్పగించుట మన పుణ్యము.

వారు ముందుగా పగుళ్ళపై అద్దపు పట్టీలు అతికించి, తేదీలు వ్రాసినారు. పట్టీ చిట్లినచో మండపము ఇంకను కదలుచున్నదని అర్థము. తరువాత మూడుచోట్ల బోరులు వేయ నిర్ణయించినారు. మూడవ బోరులో మట్టి తీయుచుండగా, డిప్లొమా చదివి పనిలో చేరిన ఒక కుర్రవాడు నమూనాను చేతిలో నలిపి చూచి, “సార్, ఇది ఈ నేల మట్టి కాదు. ఇందులో ఇటుక ముక్కలున్నవి. ఆపుదాము” అన్నాడు. దెబ్బల లెక్క కూడ హఠాత్తుగా పడిపోయినది. ఇంజినీరు గారు పని ఆపించి, వాని చేతిలోని మట్టిని తాను తీసుకొని చూచి, “బాబూ, నీవు చెప్పినది నిజము. పుస్తకములో నీ పేరుతోనే వ్రాయుము” అన్నారు. తరువాత ఊరిలో విచారింపగా, తొంబది యేండ్లకు చేరువైన ఒక అవ్వ, “అక్కడ మోటబావి ఉండేది గదా అయ్యవారూ, నా చిన్ననాడే పూడ్చినారు” అని చెప్పినది.

అప్పటికి స్తంభ పునఃస్థాపనకు ముహూర్తము నిశ్చయమై, ఆహ్వాన పత్రికలు కూడ అచ్చైనవి. నాలుగవ బోరు వేసి, బావి అంచులు తెలుసుకొననిదే పని సాగదని ఇంజినీరు గారు కమిటీ ఎదుట నిక్కచ్చిగా చెప్పినారు. ముహూర్తము దాటరాదు, పని మొదలుపెట్టి తరువాత చూచుకొందమని కొందరు పెద్దలు అన్నారు. వారి భక్తిని శంకింపరాదు. అయినను ఆయన, “మీరు ఆజ్ఞాపించినచో నా అభిప్రాయమును వ్రాసి ఇచ్చి తప్పుకొందును. తెలిసి తెలిసి సంతకము చేయలేను” అన్నారు. ఆ కంఠమున కోపము లేదు, బెదిరింపు లేదు. అందరును నా వంక చూచినారు. శల్యమున్న భూమిని శోధింపక స్థాపన చేయుట శాస్త్ర సమ్మతము కాదని, ముహూర్తమునకు మరొక ముహూర్తము దొరకునని, ప్రాణమునకు మరొక ప్రాణము దొరకదని నేను చెప్పినాను. పత్రికలు మరల అచ్చు వేయించినాము. పని నలుబది దినములు ఆలస్యమైనది. ఆ బావిలోని పూడికమట్టిని తీసివేసి, అడుగు నుండి కంకరను, కాంక్రీటును పొరలు పొరలుగా నింపి దిమ్మిస కొట్టించి, పాత పునాది రాళ్ళ సందులలోనికి సున్నము కలిపిన ద్రవమును ఎక్కించినారు. అటుపిమ్మట అతికించిన అద్దపు పట్టీలు ఒక వర్షాకాలము గడచినను చిట్లలేదు.

ఆ బృందమున అందరికంటె చిన్నవాడు ఆపుదాము అనగలిగినాడు. అందరికంటె పెద్దవాడు దానిని వినగలిగినాడు. ఈ రెండును కలసినచోటనే మండపము నిలిచినది.

ఆపుట తెలిసినవారు

ఇటలీ దేశమున పీసా నగరమందలి దేవాలయ ఘంటాగోపురము 1173లో మొదలైనది. క్రింది నేల మెత్తనగుటచే కట్టుచుండగనే ఒరిగినది. పడిపోవునేమోయను భయముతో 1990లో దర్శకులకు మూసివేసినారు. ఆచార్య మికేలె జామియోల్కౌస్కీ అధ్యక్షతన ఏర్పడిన సంఘములో నేల శాస్త్రజ్ఞులు, కట్టడముల ఇంజినీర్లు, కళా చరిత్రకారులు కలసి పనిచేసినారు. 1993లో ఒరగని వైపున సీసపు దిమ్మెలు పేర్చి కొంత నిలకడ తెచ్చినారు. 1995 సెప్టెంబరులో నేలను గడ్డకట్టించి మరొక ఏర్పాటు చేయబోగా గోపురము కదలసాగినది. వెంటనే ఆ పని ఆపి, సీసపు బరువును పెంచినారు. చివరకు ఒరగని వైపు క్రింది నుండి కొంచెము కొంచెముగా మట్టిని తీసి, గోపురము తనంత తానే వెనుకకు వాలునట్లు చేసినారు. శిఖరము సుమారు 45 సెంటీమీటర్లు వెనుకకు వచ్చినది. 2001లో మరల తెరచినారు. పదునొకండు సంవత్సరముల జీర్ణోద్ధరణ అది! పూర్తిగా నిటారు చేయవలెనను చాపల్యమునకు కూడ వారు లోనుకాలేదు.

మన శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో నిర్మింపజేసిన రాజగోపురము 2010 మే 26న కూలినది. తెలుగువారందరి గుండెలు బరువెక్కిన దినమది. కూలుటకు ముందు పగుళ్ళు విచ్చుకొనుట గమనించి పరిసరములను ఖాళీ చేయించుటచే ప్రాణనష్టము తప్పినది. క్రొత్త గోపురము నిర్మాణమై 2017లో కుంభాభిషేకము జరిగినది. గోపురమును మరల కట్టుకొనగలిగినాము. ప్రాణములైనచో మరల తెచ్చుకొనగలమా?

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూలు జిల్లాలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగమున పైకప్పు కూలి నీరు, బురద ముంచెత్తగా ఎనిమిదిమంది చిక్కుకొన్నారు. వారిలో ఎవరును సజీవులై బయటికి రాలేదు. దూర ప్రాంతముల నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన కుటుంబీకులు వారు. ఎవరిది తప్పు అని నిర్ణయించుట నా పని కాదు. భూమి లోపల మనుష్యులను పంపు విద్య ఎంత బరువైనదో యువకులు తెలుసుకొనవలెనని మాత్రమే ఈ మాట చెప్పుచున్నాను. ఈ విద్యలో నాయకుడు సంతకము చేయు ప్రతి కాగితము వెనుక ఎవరి ఇంటిదీపమో ఉండును.

యువకులకు నాలుగు మాటలు

ఈ మార్గమున నడువగోరువారు ముందుగా సివిల్ ఇంజినీరింగులో పట్టభద్రులు కావలెను. తరువాత గేట్ పరీక్ష వ్రాసి ఎం.టెక్.లో ఈ విభాగమును ఎన్నుకొనవచ్చును. వరంగల్లులో ఉన్నది, హైదరాబాదులో ఉన్నది, మద్రాసులో, బెంగుళూరులో ఉన్నది. ఆడపిల్లలకు ఇది తగదని ఎవరైన అన్నచో చీనాబు వంతెనను చూపుడు. ప్రారంభమున జీతము సాఫ్ట్‌వేరు వారి కంటె తక్కువగా ఉండవచ్చును. ఊరూరు తిరుగవలసి వచ్చును. దానిని దాచి చెప్పుట ధర్మము కాదు. అయినను వంతెనలు, ఆనకట్టలు, సొరంగములు, మెట్రో మార్గములు, రేవులు, కొండచరియల రక్షణ ఉన్నంత కాలము ఈ విద్య వచ్చినవానికి పని తక్కువ కాదు. ఈ విద్యలో వయస్సు పెరిగిన కొలది విలువ పెరుగును.

మొదటి మూడు నాలుగు సంవత్సరములు బోరుల వద్దనే గడుపుడు. మట్టిని చేతితో నలిపి చూచుట కంప్యూటరు నేర్పదు. ప్రతిదినము చూచినదానిని ఆనాడే పుస్తకములో వ్రాసికొనుడు. ఊరి పెద్దలను అడుగుడు, పూడిన బావి వారి జ్ఞాపకములో ఉండును. మీరు వ్రాయు నివేదిక, చదువురాని యజమానికి చదివి వినిపించినను అర్థమగునట్లుండవలెను.

నాయకులైన తరువాత, పని చక్కబడినప్పుడు క్రిందివారి పేర్లు చెప్పుడు. పని చెడినప్పుడు మీరు ముందు నిలువుడు. మీ కంటె చిన్నవాడు సందేహము వెలిబుచ్చినప్పుడు వానికి వందనము చేయుడు. యజమాని తొందర మీ తొందర కారాదు. మీరు వెళ్ళిపోయిన తరువాత ఆ స్థానమున కూర్చుండగల శిష్యుని ఒక్కనినైన తయారుచేయుడు. శిష్యుడు లేని విద్య ఋణముగా మిగిలిపోవును.

దాతలకు విన్నపము

కలశమునకు దాతలు ముందుకు వచ్చుదురు. వెండి తొడుగునకు వచ్చుదురు. ఆ నాలుగవ బోరు ఖర్చు ఎవరు భరింతురని కమిటీ వారు ఆలోచించుచుండగా, విశ్రాంత ఉపాధ్యాయులొకరు ఆ మొత్తమును తెచ్చి ఇచ్చినారు. ఫలకముపై పేరు ఎచట వ్రాయింపవలెనని అడిగినచో, “నేల లోపల వ్రాయించండి” అని నవ్వి వెళ్ళిపోయినారు. వారి కోరిక మేరకు ఇచటను వారి పేరు చెప్పుటలేదు.

ఇకముందు ఆలయ నిధిలో ప్రతి సంవత్సరము కొంత భాగమును నేలకొరకు ప్రత్యేకించవలెనని నా విన్నపము. అభిషేకజలము గోముఖము నుండి వచ్చి పునాదిలో ఇంకకుండ దూరముగా పోవు కాలువ బాగుండవలెను. ప్రాకారము లోపల క్రొత్తగా బోరుబావి వేయుటకు ముందు తెలిసినవారిని అడుగవలెను. విమానముపైని, గోడలలోను మొలచిన రావి మొక్కను చిన్ననాడే తీయవలెను. వర్షాకాలమునకు ముందొకసారి, తరువాతనొకసారి పగుళ్ళను కొలిచి పుస్తకములో వ్రాయవలెను. దీనికి పెద్ద ధనము అక్కరలేదు, శ్రద్ధ కావలెను.

మహాకుంభాభిషేక సమయమున కలశోదకము శిఖరముపై పడి, గోడల మీదుగా జారి, చివరకు నేలనే చేరును. ఆ తీర్థమును ముందుగా కండ్లకు అద్దుకొనువారు మనము. చివరకు దానిని స్వీకరించునది ఆ పునాది. ఆ పునాదిని నమ్మదగినట్లు చేసిన ఇంజినీరు గారికి, బోరు వేసిన కార్మికులకు, ఆపుదాము అన్న ఆ కుర్రవానికి ఈ సభాముఖమున స్వామివారి శేషవస్త్రము, ప్రసాదము అందజేయవలసినదిగా కమిటీ పెద్దలను ప్రార్థించుచున్నాను. వారికిని, వారి కుటుంబములకును, ఈ కార్యమున పాలుపంచుకొన్న దాతలందరికిని ఆయురారోగ్య ఐశ్వర్యములు కలుగుగాక.

శుభం భూయాత్.